తెరకెక్కినవాళ్ల బాకీ

ఒకప్పుడు ఆబిడ్స్‌లో సినిమాకు వెళ్లినవాళ్లకు ముందుగా న్యూస్‌రీలు చూడక తప్పేది కాదు. ప్యాలెస్ టాకీసు అయినా, జమ్రూద్ అయినా అంతే. 1948లో పుట్టిన ఫిల్మ్స్ డివిజన్ చిత్రాలను అసలు బొమ్మకు ముందు వేసి తీరాలని హాళ్లకు షరతు ఉండేది. చాలామందికి ఆ కాసేపు బీడీ తాగి రావడానికి పనికొచ్చేది. ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాలు, వరదలు, మంత్రుల ప్రారంభోత్సవాలు, వాటి మధ్య ఎప్పుడో ఒకసారి మేము. మేమంటే గోండులం, కోయలం, చెంచులం, కొలాములం, లంబాడీలం. మేము తెర మీదికి వచ్చామంటే డోలు మోగాల్సిందే, అడుగు వేయాల్సిందే. రిపబ్లిక్ దినం ఊరేగింపులో ఆడి, మాట్లాడకుండా వెళ్లిపోయేవాళ్లం.

ఆ హాళ్లలో చాలావరకు ఇప్పుడు లేవు. ఫిల్మ్స్ డివిజన్ కూడా 2022లో ఎన్.ఎఫ్.డి.సి.లో కలిసిపోయింది. ఇప్పుడు మా మీద వస్తున్న డాక్యుమెంటరీలు వేరు. వాటిలో పోడు ఉంటుంది, పట్టా ఉంటుంది, డోలీలో మోసుకొచ్చే గర్భిణి ఉంటుంది. తీసేవాళ్లలో ఎక్కువమంది మా మేలు కోరేవాళ్లే. అందుకే ఈ ప్రశ్న వాళ్ల ముందే పెడుతున్నాం. మా కష్టాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తే సరిపోతుందా? తీసినవాళ్లకూ తెరకెక్కినవాళ్లకూ మధ్య ఇంకా ఏమన్నా బాకీ మిగులుతుందా?

ముందు ఆ ఉన్నదున్నట్టు అనే మాట సంగతి చూద్దాం. డాక్యుమెంటరీల చరిత్ర చెప్పేవాళ్లు 1922 నాటి 'నానూక్ ఆఫ్ ద నార్త్'తో మొదలుపెడతారు. కెనడా మంచు ప్రాంతపు ఇన్యూట్ కుటుంబం మీద రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిన చిత్రం అది. అప్పటికే ఆ వేటగాళ్లు తుపాకులు వాడుతున్నారు. చిత్రం కోసం మళ్లీ బల్లేలు పట్టించారు. లోపల వెలుతురు చాలదని మంచు ఇంటిని సగం తెరిచి కట్టించారు. నానూక్ అన్నది కూడా ఆ మనిషి అసలు పేరు కాదు, అతని పేరు అల్లకరియల్లక్. ప్రపంచం నానూక్‌ను గుర్తు పెట్టుకుంది.

మా విషయంలోనూ కెమెరా చూపు అడవి దాటి రాదు. నెమలి ఈకల టోపీ ఉంటే గోండు, విల్లు ఉంటే చెంచు. మార్లవాయి కనక రాజు గుస్సాడీకి 2021లో పద్మశ్రీ వచ్చింది. అది మాకు గర్వమే, దాన్ని తక్కువ చేయం. అయితే అదే గోండు తల్లి జ్వరం పట్టిన బిడ్డతో నాంపల్లి స్టేషన్‌లో దిగి, రెడ్ హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి ఎటు అని అడుగుతూ నడుస్తుంటే ఆమె ఏ కెమెరాకూ ఆదివాసీగా కనిపించదు. కట్టుకున్నది నైలాన్ చీర, చేతిలో ప్లాస్టిక్ సంచి. రాత్రి గేటు బయట పడుకునే వందమందిలో ఆమె ఒకతె. ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరా ఇంతే. నిత్యం పడే బాధ అంటే ఇదే కదా. ఆమెకు తెలుగు అంతంతమాత్రం, ఉర్దూ అసలు రాదు. చీటీ మీద ఏం రాశారో ఎవరిని అడగాలో తెలియదు. దీన్ని తీయడానికి డ్రోన్ కెమెరా అక్కర్లేదు. ఒక గోండి మాట్లాడే మనిషి పక్కనుంటే చాలు.

అక్కడికి దగ్గర్లోనే ఎగ్జిబిషన్ గ్రౌండ్స్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నుమాయిష్ తర్వాత అక్కడికి మారింది. నుమాయిష్ అంటేనే ప్రదర్శన. జనం జీసీసీ తేనె సీసా కొనుక్కుని వెళతారు. అందులో తప్పు లేదు, తేనె అమ్మకానికే పెట్టాం. ముఖాన్ని అమ్మకానికి పెట్టామా అన్నదే మా సందేహం.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తే మా తాతలనాటి ఫొటోలున్న పుస్తకాలు ఎప్పుడైనా దొరుకుతాయి. కింద రాసేది 'ఒక గోండు యువతి' అనో, 'విల్లుతో చెంచు' అనో. పక్క పేజీలో దొరగారి పేరు మాత్రం పూర్తిగా ఉంటుంది. అయినా దొరలందరినీ ఒకే గాటన కట్టడం మాకిష్టం లేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపాక, గోండుల స్థితి తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన కెమెరాతోనూ వచ్చాడు. ఆయన తీసిన ఫొటోలూ రీళ్లూ లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో ఉన్నాయి. మా పెద్దలు మాత్రం ఆయన్ను ఆ రీళ్లతో గుర్తు పెట్టుకోలేదు. భూమికి పట్టాలు ఇవ్వాలని సర్కారు మీద ఒత్తిడి తెచ్చాడు. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ బడి పెట్టించాడు. ఆయనకూ, భార్య బెట్టీకీ మార్లవాయిలోనే సమాధులు ఉన్నాయంటే కారణం ఆ పనులే. అంటే బాకీ కొంత తీర్చిన మనిషి. మరి రీళ్లు? వాటిలో ఉన్నవాళ్ల మనవలు వాటిని చూడాలంటే లండన్ వైపు చూడాలి. ఆ భాగం ఇంకా తీరలేదు.

నిజమైన చిత్రమే తీశాం కదా, ఇంకేం కావాలి అంటారు కొందరు. 1966లో అమెరికాలో సోల్ వర్త్, జాన్ అడైర్ అనే ఇద్దరు పరిశోధకులు నవాహో ఆదివాసులకే కెమెరాలిచ్చి సినిమాలు తీయించాలనుకున్నారు. అనుమతి కోసం శామ్ యాజీ అనే పెద్దమనిషి దగ్గరికి వెళ్లారు. దీనివల్ల గొర్రెలకు ఏమన్నా చెరుపా అని ఆయన అడిగాడు. లేదన్నారు. మరి మేలు జరుగుతుందా అన్నాడు. అదీ లేదన్నారు. అయితే ఎందుకు తీయడం అన్నాడు. పుస్తకాలు రాసేవాళ్లు దీన్ని నవ్వు పుట్టించే కథలా చెబుతారు. మాకు నవ్వు రాదు. గొర్రెలంటే ఆయనకు తిండి, ఇల్లు, బంధుత్వం. మా గూడెంలో అయితే పోడుకు ఏమన్నా ఒరుగుతుందా అని అడుగుతాం.

ఒరిగే సందర్భాలూ ఉన్నాయి. 2022 జూలైలో మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం కోయపోచగూడెంలో గుడిసెలు కూలగొట్టడానికి అటవీ సిబ్బంది, పోలీసులు వచ్చినప్పుడు, ఆడవాళ్లను ఈడ్చుకెళుతున్న వీడియోలు రాష్ట్రమంతా తిరిగాయి. ఆ వీడియోలు లేకపోతే హైదరాబాద్‌లో ఎవరికీ పట్టేది కాదు. ఇది ఒప్పుకోవాలి. కానీ ఈడుస్తున్నప్పుడు చీర జారిన ఆడమనిషిని ఎవరు అడిగారు? అడిగే వ్యవధి అక్కడ లేదు. సాక్ష్యం కావాలంటే అలాగే తీయాలి. తీసినవాళ్లను మేము తప్పుపట్టం. ఆ ముక్కనే తర్వాత పాట కలిపి, ముఖం దాచకుండా, పదే పదే వేయడాన్ని తప్పుపడతాం. సాక్ష్యంగా పనికొచ్చిన ముక్క ప్రదర్శనకు తగినదని ఎవరు తేల్చారు?

మనవాళ్లే కెమెరా పడితే ఈ చిక్కు పోతుందని ఒక ఆశ. కొంతవరకు నిజమే. జార్ఖండ్‌లో కుడుఖ్ బిడ్డ బిజు టొప్పో ఏళ్ల తరబడి అలా తీస్తున్నాడు. మనకు దగ్గర్లో, జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు, చదువు రానివాళ్లు సైతం, కెమెరా నేర్చుకుని బీటీ పత్తి నష్టం మీద 2003లోనే చిత్రం తీశారు. కెమెరా కోణాలకు వాళ్లు తమ పేర్లు పెట్టుకున్నారు. పటేలు ముందు కూలి మనిషి ఎక్కడ కూర్చుంటుంది, ఎటు చూస్తుంది అన్నదాని నుంచి వచ్చిన పేర్లవి. కంటికి కన్ను సమంగా ఉండేదాన్ని సంఘం షాట్ అన్నారు. సినిమా బళ్లలో ఏళ్లు చదివినవాళ్లకు తట్టని మాట.

అయినా మన పిల్లవాడి చేతిలో ఫోన్ ఉన్నంత మాత్రాన చూపు సంఘం షాట్ కాదు. జాతరలో పూనకం వచ్చిన అవ్వను తీసి, తమాషాగా పెట్టి లైకులు లెక్కపెట్టుకునేవాడు మన తండాలోనూ ఉన్నాడు. బాకీ అతనికీ ఉంది.

ఇప్పుడు జరుగుతున్నది ఏమంటే, చిత్రం మొదటి ప్రదర్శన నాంపల్లిలో, తెలుగు విశ్వవిద్యాలయం ఎన్టీఆర్ కళామందిరం లాంటి హాల్లో ఉంటుంది. శాలువాలు, ప్రసంగాలు, చివర్లో టీ. గూడేనికి ఎప్పుడైనా వీలైతే పెన్‌డ్రైవ్ వస్తుంది. మేము కోరేది వరుస మార్చమని. ముందు గూడెంలో, గోండిలోనో కోయలోనో ఒకరు చెబుతుండగా, అందులో ఉన్నవాళ్లు కూర్చుని చూడాలి. ఒకామె లేచి, నేను ఏడ్చేది తీసేయండి అంటే తీసేయాలి. దానివల్ల చిత్రం బలం తగ్గుతుందని దర్శకులు అంటారు. నిజమే, తగ్గుతుంది. అవార్డు కూడా పోవచ్చు. ఒకవేళ ఆమె ఉంచమంటే? అప్పుడు ఆమె పేరు కూడా వేయమంటే వేయాలి, వద్దంటే మానేయాలి.

కోయపోచగూడెం వీడియోలు ఇంకా ఫోన్లలో ఉన్నాయి. వాటిని తమ చిత్రంలో వాడుకోవాలనుకునేవాళ్లు ఇప్పటికైనా బస్సెక్కి దండేపల్లి వెళ్లి ఆ ఆడవాళ్లను అడగవచ్చు. షూటింగ్ అనుమతి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే తిరుగుడులో ఇది సగం కూడా కాదు.