వీలునామాలోని దానము

మరణించిన తరువాత చేతికి వచ్చు ధనమును దానమనవచ్చునా? ప్రశ్న పాతదే. అయినను విశ్వవిద్యాలయములు తమ పూర్వ విద్యార్థులను, ఉద్యోగ విరమణ చేసిన ఆచార్యులను, వీలునామాలో తమకును ఒక భాగము వ్రాయుడని అడుగుచున్న ఈ దినములలో దీనిని మరల తూచి చూడవలసియున్నది. అమెరికా విశ్వవిద్యాలయములలో ఈ పనికే ప్రత్యేక కార్యాలయములు కలవు. ఇల్లుగాని, కంపెనీ వాటాలుగాని, బీమా సొమ్ముగాని తన తదనంతరము చేరునట్లు దాత వ్రాసిన చాలును. మరియొక పద్ధతి కలదు. ఆస్తిని ఇప్పుడే అప్పగించి, జీవించినంతకాలము ఏటేట నిర్ణయించిన సొమ్ము పుచ్చుకొనుట.

ఈ రెండవ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. 1831లో జాన్ ట్రంబుల్ అను చిత్రకారుడు తన చిత్రములను అమెరికాలోని యేల్ కళాశాలకు అప్పగించి, బదులుగా తన జీవితాంతము ఏటా 1,000 డాలర్లు పొందునట్లు ఒడంబడిక చేసికొనెను. అప్పటికాయనకు 75 ఏండ్లు. 1843 వరకు జీవించెను. బజారులో కూర్చున్నవాడెవడైనను ఇది విని, "బేరమేగాని దానమెక్కడిది?" అనును. ఆ మాటలో సగము నిజమున్నది. మిగిలిన సగము తేలవలెనన్న శాస్త్రమువైపు చూడవలెను.

ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రమున దానమునకు చెప్పిన లక్షణము బహు చిన్నది: మేలు కొరకు తనదైనదానిని విడుచుట. ఎంత విడిచెనను లెక్క అందు లేదు. విధానము, వస్తువు, దాత, పాత్రము అను నాలుగింటిని బట్టి ఫలము మారునని మాత్రము చెప్పబడినది. దానమునకు సంబంధించిన దోషములలో కాలాతిక్రమము ఒకటి. అనగా ఇవ్వవలసిన వేళ దాటించి ఇచ్చుట. అతిథికి ఆహారమిడు సందర్భమున చెప్పిన మాట అది. అయినను ఆకలిగొన్న మునికి వేళ దాటిన అన్నమెట్లో, చదువు ఆగిపోయిన విద్యార్థికి ముప్పదేండ్ల తరువాత వచ్చు వేతనమును అట్టిదే.

వీలునామా బలహీనత ఇచటనే బయటపడును. దానిని వ్రాసినవాడు ఇంకను ఏమియు విడువలేదు. తెల్లవారి మనసు మారిన చింపివేయవచ్చును, మరియొకటి వ్రాయవచ్చును. తుదిశ్వాస వరకు ఆస్తి ఆయనదే. తరువాత ఇచ్చునది వారసుల చేయిగాని దాత చేయి కాదు. తన చేతినుండి జారిపోవునదని మృత్యువునకు వదలినదానిని త్యాగమని లెక్క వ్రాసికొనుట సరియైన ఖాతా కాదు.

బొంబాయి వర్తకుడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ చరిత్ర ఇచట స్మరింపదగినది. ఆయన జైనుడు, ఏ విశ్వవిద్యాలయమునను చదువుకొన్నవాడు కాడు. అమెరికా అంతర్యుద్ధమువలన ప్రత్తి ధర ఆకాశమంటిన రోజులలో, 1864లో, బొంబాయి విశ్వవిద్యాలయమునకు గ్రంథాలయము కొరకు రెండు లక్షలు, తల్లి రాజాబాయి పేర గడియార స్తంభము కొరకు మరి రెండు లక్షలు ఇచ్చెను. మరుసటి ఏడు యుద్ధము ముగిసెను. ప్రత్తి పడిపోయెను, వాటాల బజారు కూలెను, ఆయన సంపద చాలవరకు తుడిచిపెట్టుకొని పోయెను. గడియార స్తంభము మాత్రము 1878 నాటికి పూర్తియై నేటికిని నిలిచియున్నది. ఆ నాలుగు లక్షలను వీలునామాలో వ్రాసి ఊరకుండినచో, 1906లో ఆయన మరణించునాటికి ఆ కాగితమునకు విలువ ఏమి ఉండెడిదో వర్తకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే ప్రేమ్‌చంద్ వద్ద ఇచ్చుటకు మిగులు ధనముండెను. విశ్రాంతి తీసికొన్న ఉపాధ్యాయుని వద్ద ఏమున్నది? ఒక ఇల్లు, కొంత పింఛను, బ్యాంకులో చిన్న మొత్తము, వెంట వృద్ధురాలైన భార్య. ఆయన ఈ దినముననే ఇల్లు విశ్వవిద్యాలయమునకు వ్రాసియిచ్చి కుమారుని వాకిట చేరినచో, ఆ దానపు భారమును మోయునది ఎవరు? తనవారిని బాధపెట్టి పొందిన కీర్తిలో హింస లేదనుటకు వీలులేదు. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ 1921లో అరువదేండ్లు నిండినది మొదలు తన జీతమంతయు కలకత్తా విశ్వవిద్యాలయమునకే విడిచిపెట్టి, సైన్సు కాలేజీలో ఒక గదిలో జీవించి, 1944లో అచటనే మరణించెను. మహత్తరమైన పని. కాని ఆయన అవివాహితుడు. సంసారము గలవానిని ఆయన కొలతతో కొలుచుట న్యాయము కాదు.

అందుచేతనే ట్రంబుల్ చేసిన బేరము తీసివేయదగినది కాదు. మన దేశమునందు దీనికి దగ్గరి మార్గము రిజిస్టరు దస్తావేజు. ఇంటిపై హక్కును ఇప్పుడే విశ్వవిద్యాలయమునకు ఇచ్చి, తాము జీవించినంతకాలము అందు నివసించుటకు, అద్దె అనుభవించుటకు హక్కు నిలుపుకొనవచ్చును. స్వాధీనము దాత వద్దనే ఉన్నను అట్టి దానము చెల్లునని సుప్రీం కోర్టు 2014లో తేల్చినది. వీలునామావలె దీనిని ఇష్టము వచ్చినప్పుడు రద్దుచేయుటకు వీలులేదు. మనిషి అదే ఇంట, అదే అరుగుమీద కూర్చుండును. కాని ఇల్లు తనది కాదు. అమ్మలేడు, కుదువబెట్టలేడు. పరిగ్రహమునకు హద్దు గీసికొనుట శ్రావకుని వ్రతములలో ఒకటి గదా. అన్నము తినుచునే, నాది అను మాటను వదలుకొనుట ఈ దస్తావేజులో ఉన్నది. ట్రంబుల్ వార్షికము పుచ్చుకొన్నను చిత్రములను మరల అడుగుటకు హక్కు ఉంచుకొనలేదు. పైన విడువబడిన సగము నిజము ఇదియే.

ఇక షరతుల మాట. కొందరు దాతలు ఆస్తిని విడుతురుగాని అధికారమును విడువరు. ఫలానా కులమువారికే, ఫలానా ఊరివారికే, ఫలానా పుస్తకము చదివినవారికే అని పత్రమంతయు నింపుదురు. కలకత్తాలో తారకనాథ్ పాలిత్ 1912లో విజ్ఞాన విద్యకై ఇచ్చిన పెద్ద మొత్తములకు, ఆచార్య పీఠము భారతీయులకే అను నియమముండెను. పరాయి పాలనలో ఆ నియమమునకు అర్థమున్నది. అయితే ఆ పీఠమునకు వచ్చువాడు విదేశములలో శిక్షణ పొందవలెనను నిబంధనయు ఉండెను. విశాఖపట్టణమున బాల్యము గడిపిన చంద్రశేఖర వెంకటరామను అందుకు ఒప్పుకొనలేదు. 1914లోనే పాలిత్ మరణించుటచే ఆయనను అడుగుట కుదరదు. విశ్వవిద్యాలయము ఆ నిబంధన సడలించి 1917లో రామనును నియమించెను. 1930లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. నిబంధన రాతిమీద చెక్కినట్లుండి, సడలించు ధైర్యము ఎవరికిని లేకుండిన, పీఠము మరియొకరికి పోయెడిది. బంగారు పతకమునకని కట్టిన మూలధనపు సంగతి ఇంకను చిన్నది. బంగారము ధర పెరుగును, కట్టిన మొత్తము పెరుగదు. ఏ విద్యకైనను, అవసరమున్న విద్యార్థికి అని వ్రాసినచో కాలమునకు తగినట్లు వాడుకొనుటకు వీలుండును.

మిగిలినది ఇంటివారి విషయము. భారత వారసత్వ చట్టము, 1925లో 118వ సెక్షను, దగ్గరి బంధువులున్న వ్యక్తి ధర్మకార్యములకు వీలునామా వ్రాసినచో, అది మరణమునకు పండ్రెండు నెలలు ముందుగా వ్రాసినదై యుండవలెనని కోరెను. మరణశయ్యపై భయముతో ఆస్తి వ్రాయించుకొనకుండుటకై చేసిన కట్టుబాటు అది. హిందువులకు, జైనులకు అది వర్తింపలేదు, క్రైస్తవులకు వర్తించెడిది. వివక్షయని సుప్రీం కోర్టు 2003లో దానిని కొట్టివేసెను. కొట్టివేయుట సరియే. కాని అందలి భయము ఉత్తది కాదు. తండ్రి పోయిన పదునొకండవనాడు బీరువాలో కాగితము దొరికి, ఇల్లు విశ్వవిద్యాలయమునదని తెలిసికొన్న పిల్లలు కోర్టుకు పోవుదురు. అప్పుడు విశ్వవిద్యాలయమునకు వచ్చునది దావా. పిల్లలకు మిగులునది తండ్రి తమను నమ్మలేదను బాధ. ఆరోగ్యముగా ఉన్నప్పుడు, భార్యకు చెప్పి, బిడ్డలను కూర్చుండబెట్టి పత్రము చదివి వినిపించి, అడ్డు చెప్పువారి మాటయు వినవలెను. కుమార్తెకు పెండ్లి ఖర్చు, మనుమనికి చదువు వంటి న్యాయమైన అవసరము కనబడినచో ఆ భాగము ముందు తీసి, మిగిలినదానికే దస్తావేజు వ్రాయవలెను. ఆ దస్తావేజు నకలు ఒకటి విశ్వవిద్యాలయపు రిజిస్ట్రారు వద్దను, ఒకటి ఇంటి పెట్టెలోను, అందరికిని తెలిసిన చోట ఉండవలెను.