క్రిస్మస్ నాటి నిశ్శబ్దం

సింగపూర్‌లో మనకి పండుగ ఉండి సెలవు లేని రోజులు కొన్ని, సెలవు ఉండి పండుగ లేని రోజులు కొన్ని. ఉగాది మొదటి రకం. అది ఏ మంగళవారమో వచ్చిందంటే పొద్దున్నే ఇంత పచ్చడి నాలిక మీద వేసుకుని పనికి పరుగెత్తడం, పంచాంగ శ్రవణం ఆదివారానికి వాయిదా వేసుకోవడం మనకి అలవాటే. క్రిస్మస్ రెండో రకం. మనలోని క్రైస్తవ కుటుంబాల మాట వేరు. మెదక్ చర్చికి ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబరు 25న. అంచేత అది తెలుగునేలకి పరాయి పండుగ అనడానికి వీల్లేదు. తక్కినవాళ్ళకి మాత్రం అది అడక్కుండా దొరికిన విశ్రాంతి.

ఇలా దొరకడం వెనక ఒక సర్దుబాటు ఉంది. ఏడాదికి 16గా ఉన్న సెలవులను 1968లో ఇక్కడి ప్రభుత్వం 11కి కుదించింది. హిందువులు తైపూసం వదులుకుని దీపావళి ఉంచుకున్నారు. ముస్లింలు ప్రవక్త జన్మదినం వదులుకున్నారు. క్రైస్తవులు ఈస్టర్ సోమవారాన్నీ, క్రిస్మస్ మర్నాడు వచ్చే బాక్సింగ్ డేనీ వదులుకున్నారు. ఒకరి పండుగ అందరికీ సెలవు. మర్యాద తెలిసిన ఏర్పాటే అని మా అభిప్రాయం. మా వైద్యవృత్తిలోనూ డ్యూటీలు ఈ తీరుగానే సర్దుకుంటూ ఉంటాం: దీపావళికి వాళ్ళు, క్రిస్మస్‌కి మనం.

డ్యూటీ పడని ఏడు మా ఇంట్లో క్రిస్మస్ బహు నెమ్మదిగా గడుస్తుంది. ఆర్చర్డ్ రోడ్డులో 1984 నుంచీ ఏటా వెలుగుతున్న ఆ దీపాలు ముందువారమే చూసేసి ఉంటాం. బయట డిసెంబరు వాన. ఫోను మోగదు. పిల్లలకి బడి లేదు. పప్పూ అన్నం, ఒక కునుకు, చదవకుండా పేరుకుపోయిన పత్రికలు. ఆ తరవాత జనవరి ఒకటి దాకా ఊరంతా సగం వేగంతో నడుస్తుంది. ఏడాది పొడుగునా గడియారంతో కుస్తీ పట్టేవాళ్ళకి ఆ వారం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

మేము ఆలోచించదలచుకున్నది ఆ నిశ్శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందన్న సంగతి. అది దానంతట అది రాదు. మనం కునుకు తీస్తున్నప్పుడు ఎవరో గిన్నెలు చప్పుడు కాకుండా కడుగుతున్నారు. ఎవరో చంటిపిల్లవాణ్ణి కిందికి తీసుకుపోయి ఆడిస్తున్నారు. మనలో చాలామంది ఇళ్ళలో ఆ మనిషి ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన అమ్మాయి. వాళ్ళ దేశంలో డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులపాటు ఇంకా తెల్లవారకుండానే చర్చికి వెళ్తారు. సింబాంగ్ గబి అంటారు దాన్ని. 24 అర్ధరాత్రి ప్రార్థన అయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని భోంచేస్తారు. మన ధనుర్మాసం తెల్లవారుజాములు ఎరిగినవారికి ఇది వివరించనవసరం లేదు. అంటే, మన ఇంట్లో క్రిస్మస్ నిజంగా పండుగ అయినది ఒక్క మనిషికి. చట్టప్రకారం ఆ రోజు సెలవు లేనిదీ ఆ ఒక్క మనిషికే!

ఇది అతిశయోక్తి కాదు. పబ్లిక్ సెలవుల హక్కు ఉన్నది ఎంప్లాయ్‌మెంట్ యాక్టులో. ఇంటిపనివాళ్ళు దాని పరిధిలోకి రారు. విదేశాల నుంచి పనివాళ్ళని తెచ్చుకునే పథకం 1978లో మొదలైతే, వారానికో విశ్రాంతి దినం అన్న నియమం 2013 జనవరి 1న గానీ రాలేదు. అదీ ఇరువురూ ఒప్పుకుంటే డబ్బిచ్చి పని చేయించుకోవచ్చు. 2023 జనవరి నుంచి నెలకి ఒక్క రోజు మాత్రం అలా కొనుక్కోవడానికి వీల్లేకుండా చేశారు. ఇలా పనిచేస్తున్నవారు ఈ చిన్న ద్వీపంలో రెండున్నర లక్షలకు పైబడి ఉన్నారు.

ఈ ప్రస్తావన వచ్చినప్పుడు మిత్రులు చెప్పే సమాధానాలు మూడు. చట్టంలో లేదు కదా అన్నది మొదటిది. దాని మీద ఎక్కువ కాలక్షేపం అనవసరం. ఉగాది కూడా చట్టంలో లేదు, అయినా ఆ రోజు పై అధికారి ఒక పూట వదిలిపెడితే మనకి ఎలా ఉంటుందో మనకి తెలుసు.

రెండోది గట్టిది. “మేము అడిగాం, తనే వద్దంది, ఒకరోజు జీతం అదనంగా తీసుకుంటానంది” అంటారు. నిజమే అయి ఉండవచ్చు. ఊళ్ళో చెల్లెలి చదువుకో, ఇంటి కప్పుకో ఆ డబ్బు కావలసి ఉండవచ్చు. ఆమె లెక్క ఆమెది, దాన్ని కాదనడానికి మనమెవరం? అయినా వైద్యులుగా ఈ “వద్దు” అన్న మాట మీద మాకు కొంత అనుమానం మిగిలే ఉంటుంది. పండుగపూట ఇంట్లోవాళ్ళని కంగారు పెట్టడం ఇష్టంలేక ఛాతీలో నొప్పిని ఓర్చుకుని 26వ తారీకున వచ్చే రోగులని వైద్యులందరూ ఎరుగుదురు. అమెరికాలో 2004లో వెలువడిన ఒక పరిశోధన గుండెజబ్బు మరణాలు క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లోనే అన్నిటికంటే ఎక్కువని చూపించి, వైద్యానికి వెళ్ళడం వాయిదా వెయ్యడం అందుకొక కారణం కావచ్చునని సూచించింది. వార్డులో కిక్కురుమనకుండా పడుకున్న రోగిని చూసి సుఖంగా ఉన్నాడనుకోకూడదని మాకు మొదటి ఏడాదిలోనే నేర్పారు. కొందరు బాధ లేక మాట్లాడరు, కొందరు బాధ చెప్పుకునే వీలు లేక మాట్లాడరు. గుమ్మంలోంచి చూస్తే రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. దగ్గరికి వెళ్ళి చెయ్యి వేస్తేనే తేడా తెలిసేది.

మూడోది “మా ఇంటి మనిషే కదండీ” అన్నది. ఇంటి మనిషి అయితే అలుగుతుంది, ఆలస్యంగా లేస్తుంది, ఇవాళ వంట నా వల్ల కాదంటుంది. మన ఆడపడుచు ఇవన్నీ చేస్తుంది. కిటికీ లేని షెల్టర్ గదిలో పడుకునే అమ్మాయి ఇందులో ఏది చెయ్యగలదో మీరే చెప్పండి. 2016లో మయన్మార్ నుంచి వచ్చిన 24 ఏళ్ళ అమ్మాయి యజమానుల హింసకి చనిపోయేనాటికి 24 కిలోల బరువుంది. ఆ కేసు వచ్చినప్పుడల్లా మనం “అబ్బే, మనం అలాంటివాళ్ళం కాము” అనుకుని నిట్టూరుస్తాం. కాము, నిజమే. కాని అంత ఘోరాన్ని కొలబద్దగా పెట్టుకుంటే ఇక మనకి తగలని న్యాయం అంటూ ఉండదు.

ఇక ఆ అమ్మాయికి సెలవు దొరికిందే అనుకుందాం. ఎక్కడికి పోతుంది? 2024లో క్రిస్మస్ బుధవారం, 2025లో గురువారం. స్నేహితురాళ్ళకీ అదే రోజు దొరికితే తప్ప ఒంటరిగా తిరగవలసిందే. అందుకని చాలామంది తరవాతి ఆదివారం ఆర్చర్డ్ రోడ్డులో లక్కీ ప్లాజా దగ్గర కలుసుకుంటారు. కాలిబాట మీద ఏదో పరుచుకుని, డబ్బాల్లో తెచ్చుకున్నది పంచుకుని తింటారు. 2019 డిసెంబరు 29 అలాంటి ఆదివారమే. ఒక కారు అదుపు తప్పి, కమ్మీలను విరగగొట్టుకుని అక్కడున్న ఆరుగురు ఫిలిప్పీన్స్ స్త్రీల మీద పడింది. ఇద్దరు చనిపోయారు. కారు సంగతి కోర్టు చూసుకునే విషయం. వాళ్ళు ఆ పూట రోడ్డువారన ఎందుకున్నారన్న సంగతి మాత్రం మనం ఆలోచించుకోవలసిందే. పండుగ వంట వండుకోవడానికి వాళ్ళకి ఒక పొయ్యీ, నలుగురు కూర్చోవడానికి ఒక గదీ ఈ ఊళ్ళో లేవు. పొయ్యి మనది, గది మనది.

ఇక్కడే మనకి అసలు చిక్కు. సెలవు ఇవ్వడం తేలిక. శాకాహారం వండే వంటింట్లో వాళ్ళ పండుగ వంట వండనివ్వడం తేలిక కాదు. దీన్ని వట్టి చాదస్తం అని కొట్టిపారేసేవాళ్ళతో మేము ఏకీభవించం. ఎవరి వంటిల్లు వాళ్ళకి పట్టింపే. కాని మన ఊళ్ళలో కూలికి వచ్చినవాళ్ళకి చూరులో విడిగా గ్లాసు పెట్టిన తరాన్ని మనం చూశాం, కనీసం విన్నాం. ఆ గ్లాసు విమానం ఎక్కి ఇక్కడిదాకా రాలేదని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలిగేవారు ఎందరు?

మా మటుకు మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. సెలవు కావాలా అని అడగడం లేదు. అడిగితే ఆమె మన మొహం చూసి జవాబు చెప్పాలి. నవంబరులోనే తారీకు చెప్పేస్తాం, జీతం కొయ్యకుండా. పని చేసి డబ్బు తీసుకుంటానంటే అదీ సరే, కాని ఆ మాట ముందు ఆమె నోట రావాలి. 24 రాత్రి వంటిల్లు ఆమెది. అందుకోసం ఒక మూకుడు, ఒక చాకు, ఒక కోసే పలక, ఫ్రిజ్‌లో కింద అర విడిగా ఉంచాం. మర్నాడు గిన్నెలూ పిల్లలూ మా వంతు. పైన చెప్పిన నిశ్శబ్దం కాస్తా ఎగిరిపోతుందనుకోండి.

మొన్న ఊరి నుంచి వచ్చిన మా ఇంటి పెద్దావిడ ఆ మూకుణ్ణీ పలకనూ చూసి, “దానివి వేరే పెట్టారన్నమాట, మంచిపని చేశారు” అన్నారు. చూడ్డానికి ఆ చూరులో గ్లాసూ, ఈ మూకుడూ ఒకలాగే ఉన్నాయి మరి! అది కాదమ్మా అని మొదలుపెట్టాం. ఇది తన కోసం పెట్టింది, తన నుంచి మనల్ని కాపాడుకోవడానికి పెట్టింది కాదు అన్నాం. ఆవిడ అంతా విని, “ఏమోనమ్మా, వేరే అంటే వేరే కదూ” అన్నారు. ఆ అమ్మాయి మాత్రం మూకుడు తోముతూ నవ్వింది. తెలుగు ఎంతవరకు వచ్చిందో మేము ఇంకా అడగలేదు.