ఆనందమునకు అడ్డదారి లేదు



ఒకనాడు పురాణకాలక్షేపము ముగిసిన పిమ్మట ఒక తల్లి కన్నీరు తుడుచుకొనుచు వచ్చి, "అయ్యా! మా అబ్బాయి గంజాయికి అలవాటుపడినాడు. ఇదేమిరా యని అడిగినచో 'శివుడు సేవింపలేదా?' అనుచున్నాడు. వానికేమి చెప్పమందురు?" అని అడిగినది. ఈనాడు ఈ ప్రశ్న ఆమె ఒక్కతెదే కాదు గదా!

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లిని స్మరింపుడు. బ్రహ్మమును తెలుపుమని భృగువు తండ్రియైన వరుణుని వేడెను. తపస్సుచే తెలిసికొమ్మని తండ్రి పంపెను. భృగువు అన్నమును, ప్రాణమును, మనస్సును, విజ్ఞానమును క్రమముగా బ్రహ్మమని తలచి, ప్రతిసారియు తండ్రిని చేరి, మరల తపస్సు చేసి, తుదకు ఆనందమే బ్రహ్మమని గ్రహించెను. అయిదవ మెట్టునకు ఆయన నాలుగు మెట్లు ఎక్కి చేరెనే గాని దూకలేదు.

మత్తుపదార్థమో, క్రింది మెట్లను విరుగగొట్టి మేడపైకి ఎగురజూపును. గంజాయిలో మత్తు కలిగించు ద్రవ్యమును 1964లో ఇస్రాయేలు శాస్త్రవేత్త రఫాయేల్ మెషూలం, ఆయన సహచరుడును వేరుచేసిరి. 1992లో ఆయన బృందము మెదడులో సహజముగా పుట్టు అట్టి ద్రవ్యమునే కనుగొని, మన సంస్కృతమందలి ఆనందశబ్దముతో దానికి 'ఆనందమైడ్' అని పేరిడెను. చూచితిరా! వెలుపల వెదకుచున్నదాని సాటిది భగవంతుడు లోపలనే ఉంచినాడు.

ఆ ద్రవ్యము తాళపుచెవి వంటిది. నాడీకణములపైనున్న గ్రాహకములు తాళముల వంటివి. శరీరము ఆ చెవిని అవసరమైనంతయే చేసికొని, పని తీరగానే కరిగించును. గంజాయి దొంగచెవి, తాళములన్నిటిని ఒక్కమారు తెరచి చాలసేపు మూయనీయదు. జ్ఞాపకమునకు, శరీరపు పొందికకు, వివేకమునకు సంబంధించిన తావులలో ఈ తాళములు మెండు. అందుచే చదివినది నిలువదు. కాలము ఎంత గడచినదో తెలియదు. వాహనము నడుపువానికి దూరము అంచనా తప్పును. నిత్యము సేవించినచో మెదడు ఆ తాళములనే తగ్గించుకొనును. అప్పుడు పాత మోతాదు చాలదు. మానినచో నిద్ర రాదు, ఆకలి వేయదు, కోపము ఆగదు. వివేకమునకు నెలవైన మెదడుభాగము సుమారు 25 ఏండ్ల వరకు పరిపక్వమగుచునే యుండును గనుక యువకులకు అపాయము హెచ్చు. కొందరికి భ్రాంతులును, చిత్తవైకల్యమును కలుగును.

ఇక శివుని మాట. శివరాత్రినాడు భంగు త్రాగు ఆచారము కొన్ని ప్రాంతములలో కలదు. ఆచారమైనంత మాత్రమున మెదడునకు హాని తప్పునా? పరమేశ్వరుడు హాలాహలమును లోకరక్షణకై స్వీకరించి కంఠముననే నిలిపెను; తన సుఖమునకై కాదు. ఇంటిల్లిపాదిని దుఃఖపెట్టి తాను సుఖింపజూచువాడు ఆ నీలకంఠుని సాక్ష్యము పిలువదగునా?

ఆ తల్లితో నేనిట్లంటిని: "అమ్మా! బిడ్డను దూషింపకుము. వాడు చెడ్డవాడు కాడు; వాని వివేకము కట్టువడినది. మానినవారి మెదడులో ఆ తాళములు కొన్ని వారములలోనే మరల సమకూరుచున్నవని పరీక్షలలో తేలినది. సిగ్గుపడక వైద్యుని యొద్దకు కొనిపొమ్ము. వాడు తడబడి మరల వచ్చినను తలుపు మూయకుము. భృగువు ఎన్నిమారులు తిరిగివచ్చినను వరుణుడు విసుగుకొనలేదు. మరల ప్రయత్నింపుమనియే పంపెను."