వచ్చిన పని

మా లాడ్జి రిజిస్టర్లో చివరి గడి పేరు ‘వచ్చిన పని’. పేరు, ఊరు, వయసు, వృత్తి, ఎక్కడి నుంచి రాక, ఎక్కడికి పోక, ఇవన్నీ దిగినవాళ్ల చేతే రాయించేవారు మా నాన్న. ఆ చివరి గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పుస్తకం తనవైపు తిప్పుకుని, కలం పుచ్చుకుని, “ఏం పని మీద వచ్చారండీ?” అని అడిగి తనే రాసేవారు. పోలీసులు చూస్తారు గనక అలా రాస్తున్నారని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ముప్పయ్యేళ్లుగా అదే కౌంటర్ వెనక కూర్చుంటున్నాను. ఈ ఊరి గురించీ మనుషుల గురించీ నాకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ గడిలోంచి వచ్చిందే.

మాది రాజమండ్రి. 2015లో రాజమహేంద్రవరం అయింది గానీ నా నోటికి పాత పేరే వస్తుంది. గోదావరి స్టేషన్లో రైలు దిగితే మా వీధికి నడిచి వచ్చేయొచ్చు, పుష్కరాల రేవూ దగ్గరే. మా తాత ఈ ఇంటిని లాడ్జి చేసిననాటికి కొవ్వూరు వెళ్లడానికి రోడ్డు వంతెన లేదు. రైలు తప్పినవాడు, రేవులో ఆఖరి లాంచీ అందనివాడు రాత్రికి ఊళ్లో తల దాచుకోవలసిందే. 1974లో రోడ్డూ రైలూ కలిసిన వంతెన వచ్చాక ఆ బేరం పోయింది. తాత దిగులుపడ్డాడట. లాంచీ తప్పినవాళ్లు రావడం మానేశారు గానీ, పని ఉన్నవాళ్లు వస్తూనే ఉన్నారు.

ఆ పనులెన్నో! పాత పుస్తకాలు అటక మీద ఉన్నాయి. 1979 పుష్కరాల నాటిది చెదలు తినేసింది, మిగిలినవి బాగానే ఉన్నాయి. కోర్టు వాయిదా. అస్థికలు. కంటి ఆపరేషన్. కలప బేరం. టీచరు ట్రైనింగు. కడియంలో మొక్కలు కొనడం. భద్రాచలం ప్రయాణం. అప్పు వసూలు. ఒక చోట ‘అలిగి వచ్చారు’ అని ఉంది. అంతకు మించి ఒక్క అక్షరం లేదు.

నాన్న ఆ మాట రాసుకుని ఊరుకునేవారు కాదు. అస్థికలు అని చెప్పగానే కుర్రాణ్ణి వెనక వీధి శాస్త్రిగారింటికి పంపేవారు. వాయిదా అంటే ఫలానా ప్లీడరుగారి గుమాస్తా పొద్దున్నే ఎదుటి కాఫీ హోటల్లో దొరుకుతాడని చెప్పేవారు. కంటి ఆపరేషన్ అయినవాళ్లకి కారం లేని పప్పన్నం పక్కింటి పిన్నిగారు వండి పంపేవారు, డబ్బులు పుచ్చుకునే. ఇక పెళ్లిచూపులైతే వీధి వీధంతా కదిలేది. చూపులైన మర్నాడు పిల్ల తరఫు మేనమామ ఒకాయన, చెప్పులు బయట విడిచి, నెమ్మదిగా కౌంటర్ దగ్గరికి వచ్చి నిలబడటం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. “కుర్రాడు రాత్రి ఎన్నింటికి పడుకున్నాడండీ? వెంట ఎవరైనా వచ్చారా? మీ పనివాళ్లతో ఎలా మాట్లాడాడు?” అని అడిగాడు. నాన్న కాసేపు ఆలోచించి, “బకెట్టు తనే మోసుకెళ్లాడండీ” అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయన మొహం విప్పారింది. ఆ సంబంధం కుదిరింది.

ఇంత చెప్పాక ఇంకోటి చెప్పకపోతే అబద్ధం ఆడినట్టే. వచ్చిన పని కంటే ముందు నాన్న నోటివెంట ఇంకో ప్రశ్న వచ్చేది. అది ఏ గడిలోనూ ఉండేది కాదు. “మీరు ఏమిట్లండీ?” అంటే ఏ కులమని. గొంతు మర్యాదగానే ఉండేది, వెంట చిరునవ్వు కూడా. జవాబును బట్టి గది ఖాళీ ఉండేది, లేదా ఉండేది కాదు. గోడకి తాళంచెవులు వేలాడుతుండగానే “ఖాళీ లేవండీ” అని చెప్పడం నేను విన్నాను. ఆ మనిషి తలెత్తి తాళంచెవుల వైపు చూసి, ఏమీ అనకుండా సంచి భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. డొక్కా సీతమ్మగారు వచ్చిన బాటసారికల్లా అన్నం పెట్టిన సీమ ఇది. ఆ తల్లి పేరు రోజూ తలుచుకుంటూనే మా ఇంట్లో ఆ ప్రశ్న అడిగాం. ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి గది ఇచ్చేవాళ్లమూ కాదు. పాతకాలం మంచిదని ఎవరైనా అంటే ముందు నాకు ఆ తాళంచెవుల వైపు చూసిన చూపే గుర్తొస్తుంది.

ఆ ప్రశ్న లేకుండా లాడ్జి నిండిన రోజులు నాన్న హయాంలో ఒక్కసారే చూశాను. 1986 ఆగస్టు వరద. ధవళేశ్వరం దగ్గర నీరు 35 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లోంచి జనం మూటలతో, కోళ్లతో, తడిసిన బియ్యంతో వచ్చేశారు. నాన్న గదులన్నీ తెరిచారు, వరండా ఇచ్చారు, చివరికి మేడమీద మా ఇంటి వంటగదీ ఇచ్చారు. ఎవరినీ ఏమిట్లని అడగలేదు. అడగడానికి ఆయన నోరు రాలేదో, గుర్తే రాలేదో. అంత హడావుడిలోనూ రిజిస్టరు మాత్రం రాశారు. పేజీ పొడుగునా వచ్చిన పని గడిలో ఒకే మాట: గోదారి. అద్దె దగ్గర అడ్డగీత. నీళ్లు తీశాక వాళ్లు వెళ్లిపోయారు. కొన్ని నెలలకి ఆ ప్రశ్న మళ్లీ వచ్చేసింది. నాన్న మీద నాకు కోపం వచ్చింది అప్పుడే. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు, అడిగే ధైర్యం లేదు. కౌంటర్ నా చేతికి వచ్చిన రోజున నేను చేసిన మొదటి పని ఆ ప్రశ్న మానేయడం.

2022 జూలైలో మళ్లీ పెద్ద వరద వచ్చింది, 25 లక్షల క్యూసెక్కులు దాటి. నేను కింది గదులు రెండు ఖాళీగా ఉంచి, దుప్పట్లు తీసి పెట్టాను. ఎవరూ రాలేదు. ముందే ఫోన్లకి కబురు వెళ్లింది, పడవలు వెళ్లాయి, పునరావాస కేంద్రాల్లో భోజనాలు పెట్టారు. జనం మునుపటికన్నా క్షేమంగా ఉన్నారు. అదే కావలసింది, నాకూ తెలుసు. అయినా ఆ రాత్రి తలుపు దగ్గర లైటు ఆర్పడానికి మనసొప్పలేదు.

ఆ నెలలోనే వెయ్యి రూపాయల లోపు గదుల మీద కూడా 12 శాతం జీఎస్టీ పడింది, బిల్లు కంప్యూటర్లో కొట్టక తప్పలేదు. అందులో వచ్చిన పనికి మూడే మాటలున్నాయి: వ్యాపారం, విహారం, ఇతరాలు. అస్థికలూ ఇతరాలే, పెళ్లిచూపులూ ఇతరాలే. దిగేవాళ్లు ఫోన్లో గది పుచ్చుకుని, ఫోన్లో డబ్బు కట్టి, ఆధార్ చూపించి తాళంచెవి అడుగుతారు. శాస్త్రిగారి కోసం నన్ను అడగక్కర్లేదు, అదీ ఫోన్లోనే దొరుకుతుంది. వాళ్లకి సుఖం. ఆధార్ మీద కులం ఉండదు, నాకు మనశ్శాంతి. ఒంటరిగా పరీక్ష రాయడానికి వచ్చిన ఆడపిల్ల ఎవరి ముందూ తల వంచకుండా తాళంచెవి అందుకుని మెట్లెక్కుతుంటే నా మనసు నిండిపోతుంది. అయితే పనికిమాలిన ప్రశ్నతో పాటు పనికొచ్చే ప్రశ్న కూడా కొట్టుకుపోయింది. ఎదుటి కాఫీ హోటల్ ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. శాస్త్రిగారబ్బాయి నా లాడ్జి ముందునుంచే మోటారుసైకిలు మీద రేవుకి వెళ్తాడు. ఆయన వెళ్లేది నా గదిలో దిగినవాళ్ల దగ్గరికేనని మా ఇద్దరికీ తెలియదు.

అందుకే కంప్యూటర్ పక్కన పాత పుస్తకం మళ్లీ తెరిచాను. చెప్పాలనిపించినవాళ్లు చెబుతారు, లేనివాళ్లు లేదు. పోయిన నెల నలభై దాటిన ఒకతను హైదరాబాదు నుంచి వచ్చాడు. తాళంచెవి తీసుకుని కూడా కదల్లేదు. “1991 పుష్కరాలకి మా నాన్నగారు ఇక్కడే దిగారటండీ. నేనప్పుడు పసివాణ్ణి” అన్నాడు. అటక ఎక్కి ఆ పుస్తకం దించాను. దుమ్ము దులిపి, ఇద్దరం బల్ల మీద పేజీలు తిప్పాం. మూడోరోజు పేజీలో దొరికింది. పేరు, ఊరు, సంతకం ఆయనవి. చివర మా నాన్న చేతిరాత: ‘నాన్నగారికి పిండం’.

అతను ఆ సంతకం మీద వేలు పెట్టి చాలాసేపు ఉండిపోయాడు. తర్వాత కొత్త పుస్తకం తనవైపు జరుపుకుని పేరు, ఊరు రాశాడు. చివరి గడి దగ్గర ఆగి, పుస్తకం నా వైపు తిప్పి, కలం నా చేతికిచ్చాడు. నేను అడిగాను. ఆ మాటే మళ్లీ రాశాను. కుర్రాణ్ణి శాస్త్రిగారింటికి పంపాను.