పక్కింటి కన్ను

సంక్రాంతి వచ్చిందంటే హైదరాబాద్ కాలనీలు ఖాళీ అవుతాయి. జనం ఊళ్లకు బయల్దేరతారు. తాళం వేసిన ఇళ్లు మిగులుతాయి.

దొంగ ముందు తాళం చూడడు. వాకిలి చూస్తాడు. పోగుపడిన పేపర్లు, ఎవరూ తీయని పాల ప్యాకెట్లు, ముగ్గు పడని గుమ్మం. ఇంట్లో ఎవరూ లేరని వాకిలే చెప్పేస్తుంది.

అందుకే ఊరెళ్లేవారు పాలు, పేపరు ఆపమని చెప్పాలి. ప్రయాణం సంగతి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదు. పక్కింటివారికి మాత్రం తప్పకుండా చెప్పాలి.

పోలీసులకూ చెప్పాలి. అప్పుడు గస్తీవాళ్లు ఆ ఇంటిపై ఓ కన్నేసి ఉంచుతారు. తాళం వేసిన ఇంట్లో కెమెరా ఉచితంగా అమర్చే ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) పద్ధతిని ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చారు. ఇంట్లో కదలిక కనబడితే కంట్రోల్ రూమ్‌కు తెలుస్తుంది. హైదరాబాద్‌లో ‘నేను సైతం’ పేరుతో కాలనీవాసులే కెమెరాలు పెట్టించుకున్నారు.

కానీ కెమెరా పలకరించదు. పక్కింటి పెద్దాయన పలకరిస్తాడు. “ఎవరు కావాలి బాబూ?” అని అడుగుతాడు. చెడు తలంపుతో వచ్చినవాడికి ఆ ప్రశ్నంటేనే భయం.

పక్కింటివారి ఫోన్ నంబరు మీ దగ్గరుందా? లేకపోతే ఈరోజే తీసుకోండి. మీ నంబరూ ఇవ్వండి. అనుమానం కలిగితే ఆలస్యం చేయకుండా 112కు ఫోన్ చేయండి.