అరిగిన కీలు

కెనడాలోని క్యూబెక్‌లో వాల్కూర్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడ గ్యారేజీ నడిపిన జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియే అనే ఆయన 1934 చలికాలంలో రెండేళ్ల కొడుకును పోగొట్టుకున్నాడు. దారులన్నీ మంచుతో మూసుకుపోయి బిడ్డను ఆసుపత్రికి చేర్చే వీల్లేకపోయింది. మంచు మీద నడిచే బండి కోసం ఆయన కుర్రతనం నుంచే తంటాలు పడుతున్నాడు. ఆ దెబ్బతో ఇక ఆ పని వదల్లేదు. 1959లో ఆయన కంపెనీ నుంచి స్కీ-డూ అనే స్నోమొబైల్ బయటికొచ్చింది. మన ఊళ్లో మోటారుసైకిల్ ఎలాగో, ఆ పక్క పల్లెల్లో స్నోమొబైల్ అలాగ.

ఆ చుట్టుపక్కలే మేపుల్ తోట ఉన్న ఒక కుర్రాడి కథ ఇది.

మార్చి నెల వస్తే అతనికి క్షణం తీరిక ఉండదు. రాత్రి గడ్డకట్టి, పగలు కరిగే ఆ కొద్ది వారాల్లోనే మేపుల్ చెట్లకు రసం ఊరుతుంది. నలభై లీటర్ల రసం కాస్తే ఒక లీటరు పాకం. చెట్ల దగ్గర పట్టిన రసాన్ని పీపాలో పోసి, పీపాను స్లెడ్జి మీద కట్టి, స్లెడ్జిని స్నోమొబైల్‌కు తగిలించి కాచే కొట్టానికి చేర్చేవాడు. చెట్లకు మేలు చేసే ఆ వాతావరణమే బండికి కీడు చేస్తుంది. పగలు మెత్తబడిన దారిలో పడ్డ గాళ్లు తెల్లారేసరికి రాయిలా బిగుసుకుంటాయి. బండిని వెనక తిరిగే రబ్బరు ట్రాక్ తోస్తుంది. ముందు రెండు స్కీలుంటాయి, వాటి అడుగున కార్బైడ్ పొదిగిన ఉక్కు కడ్డీలుంటాయి. అవే మంచును కోస్తూ మలుపుకు పట్టునిస్తాయి. ఆ కడ్డీలు పాత గాడిలోకి జారాయంటే బండి మనం చెప్పినచోటికి కాదు, గాడి చెప్పినచోటికి పోతుంది.

కుర్రాడి బండి అదే చేసింది. హ్యాండిల్ కుడికీ ఎడమకీ గుంజుతోంది. కోన్‌సెట్ పోయిన పాత బైకు నడిపినవాళ్లకి ఆ గుంజుడు ఎలాంటిదో తెలుసు.

కొట్టం దగ్గర చేరినవాళ్లలో ఒకడన్నాడు: "ముందు స్ప్రింగులు బిగించు, స్కీలు గట్టిగా నొక్కుకుంటాయి." బిగించాడు. నొక్కుకున్నాయి గానీ హ్యాండిల్ బండరాయిలా బరువెక్కింది, గాడి మరీ గట్టిగా లాగింది. ఇంకొకడన్నాడు: "స్ప్రింగులు కాదురా, వెనకాల ట్రాక్ లోపల పట్టీ ఉంటుంది చూడు, అది వదులు చెయ్యి." ఆ మాట ఉత్తదేం కాదు. ట్రాక్ ముందు భాగాన్ని కిందికి దిగకుండా పట్టి ఉంచేది ఆ పట్టీయే. అది బిగిస్తే బరువు స్కీల మీదికి వస్తుంది, వదిలితే వెనక్కి పోతుంది. వదిలాడు. హ్యాండిల్ తేలికైంది. ఎంత తేలికంటే, వెనక పీపా బరువుకు ముందు భాగం లేచి, మలుపులో హ్యాండిల్ తిప్పినా బండి తిన్నగా ఓ చెట్టు దాకా వెళ్లి ఆగింది. మూడోవాడు అలైన్‌మెంట్ అన్నాడు. టేపు తెచ్చి స్కీల మధ్య ముందొకసారి, వెనకొకసారి కొలిచి, స్కీలను హ్యాండిల్‌తో కలిపే టై రాడ్లు తిప్పి రెంటినీ సమానం చేశాడు. అనుమానమొచ్చి మళ్లీ కొలిచాడు. అంకె మారింది. ఇంకోసారి కొలిచాడు, మళ్లీ మారింది. తప్పు టేపుదేనని తిట్టుకుని పడుకున్నాడు.

మర్నాడు ఎండ ఎక్కకముందే బండి గాడిలోంచి ఎగిరి పక్కకు దూకింది. స్లెడ్జి తిరగబడింది. పీపాలో ఉన్న రెండొందల లీటర్ల రసం మంచులో ఇంకిపోయింది. అంటే అయిదు లీటర్ల పాకం. రోజు పనీ పోయింది.

ఊరి చివర షెడ్డులో ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు. స్కీల మీద ఒట్టి పట్టీ స్ప్రింగులుండే కాలం నుంచీ ఈ బండ్లు విప్పుతున్నాడు. కుర్రాడు బండి లాక్కుపోయి కథంతా చెప్పాడు. ముసలాయన అంతా విని, ఒకటే అడిగాడు.

"స్ప్రింగులు ఎన్ని చుట్లు బిగించావురా?"

"గుర్తులేదు తాతా."

"టై రాడ్లో?"

కుర్రాడు నేల చూశాడు.

ముసలాయన మాన్యువల్ తీసి స్ప్రింగునీ పట్టీనీ అందులో ఉన్నచోటికి తెచ్చి పెట్టించాడు. పని మొదలైందని కుర్రాడు అనుకున్నాడు, కాని అది ఊరికే పాత గీతలు చెరపడమే. తర్వాత ముందు భాగం జాకీ మీద లేపి, స్కీలు గాలిలో వేలాడుతుండగా ఎడమ స్కీ కొన పట్టుకుని అటూ ఇటూ ఆడించాడు.

టక్, టక్.

"చెయ్యి ఇక్కడ పెట్టు." కుర్రాడి వేళ్లు తీసుకెళ్లి టై రాడ్ చివర బాల్ జాయింట్ మీద పెట్టి మళ్లీ ఆడించాడు. గుండు తన గిన్నెలో కదలడం వేళ్లకి తెలిసింది. ఎంతో లేదు, మహా అయితే మిల్లీమీటరు. కానీ అది స్కీని తిప్పే ఇరుసు, స్పిండిల్, పక్కన. అక్కడి మిల్లీమీటరు అర మీటరు అవతలున్న స్కీ కొనకి చేరేసరికి అయిదారవుతుంది. స్కీ బోల్టు బుష్ కూడా అండాకారంలో అరిగి ఉంది. కుడి స్కీ కింద కార్బైడ్ అంచు గరిటె వీపులా నున్నబడింది. పట్టీ స్ప్రింగుల రోజుల్లో ఇన్ని కీళ్లెక్కడివి? ఇప్పుడు పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్, ప్రతి కొసనా ఒక జాయింట్. సుఖం పెరిగింది, అరిగే చోట్లూ పెరిగాయి.

"నీ టేపు మంచిదేరా," అన్నాడు ముసలాయన. "నువ్వు కొలిచింది లూజుని. అది ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంది."

ఆ మధ్యాహ్నమంతా వాళ్లు ఏమీ సర్దలేదు. బాల్ జాయింట్ మార్చారు. బుష్‌లు కొత్తవి వేశారు. విప్పిన స్ప్లిట్ పిన్నును కుర్రాడు మళ్లీ వంచబోతే ముసలాయన లాక్కుని డబ్బాలో పారేసి కొత్తది ఇచ్చాడు. చలికి గట్టిపడని గ్రీజు తెచ్చి, పాత నల్ల గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనబడేదాకా గన్ను నొక్కించాడు. కార్బైడ్ కడ్డీలు రెండు పక్కలా మార్చారు. అరిగింది ఒకటే కదా అంటే, ఒక కాలికి కొత్త చెప్పూ ఇంకో కాలికి పాతదీ వేసుకుని నడిచి చూడమన్నాడు.

అప్పుడు జాకీ దించారు. హ్యాండిల్ తిన్నగా పెట్టి, మిగిలిన కాస్త వదులు ఒకవైపే ఉండేలా స్కీ కొనలు రెంటికీ రబ్బరు తాడు బిగించారు. పొడవాటి తిన్నని చెక్క ట్రాక్ పక్కన ఆనించి స్కీల దాకా చాపారు. టేపు ఆ చెక్క నుంచి ఒక్కో స్కీకి పోయింది. రెండు స్కీలను ఒకదానితో ఒకటి పోల్చుకుంటే రెండూ కలిసి ఒకేవైపు తిరిగి ఉన్నా తెలియదు. వెనకున్న ట్రాక్ ఎటు చూస్తోందో దాన్నిబట్టే ముందున్నవాటి వంకర తేలాలి.

"రెండూ సమానం చేసేద్దామా తాతా?"

"వద్దు. ముందు కొసలు కాస్త బయటికి చూడాలి. మొత్తం మీద మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు, బండిని బట్టి మాన్యువల్ అంకె మారుతుంది. ఒకటి అటు, ఒకటి ఇటు కొద్దిగా లాగుతూ ఉంటే కీళ్లు బిగువుగా ఉంటాయి. లోపలికి చూశాయా, ఒకదాన్నొకటి తోసుకుంటూ బండిని తిప్పలు పెడతాయి."

ఈసారి నాలుగుసార్లు కొలిచారు. నాలుగుసార్లూ ఒకే అంకె. లాక్‌నట్లు బిగించారు. చిట్టచివర పీపా కట్టి నడిపి చూసి పట్టీ ఒక రంధ్రం బిగించారు. బరువు లాగే రోజుల్లో అక్కడ ఉంచి, ఖాళీగా తిరిగే రోజు వెనక్కి వదలమన్నాడు ముసలాయన. స్ప్రింగుల జోలికి మళ్లీ పోనేలేదు.

నీతి

కొట్టం దగ్గర ముగ్గురూ చెప్పిన సలహాల్లో అబద్ధమేమీ లేదు. స్ప్రింగు బిగిస్తే స్కీ నొక్కుకుంటుంది, పట్టీ వదిలితే హ్యాండిల్ తేలికవుతుంది, అలైన్‌మెంట్ తప్పితే బండి లాగుతుంది. కుర్రాడు వాటినే ఎందుకు తిప్పాడంటే, అవి తిరుగుతాయి కాబట్టి. స్ప్రింగుకు మర ఉంది, పట్టీకి రంధ్రాలున్నాయి. అరిగిన బాల్ జాయింట్‌కు తిప్పడానికేమీ ఉండదు. అందుకే అటు ఎవరి కన్నూ పోలేదు.

మనకు ఇది కొత్తేమీ కాదు. తెలుగిళ్లలో 'సర్దుకుపో' అన్నంత తేలిగ్గా ఇంకో మాట రాదు. ఆ మాట ఎవరికి చెబుతామో గమనించండి. ఇంట్లో ఎవరు తిరుగుతారో వాళ్లకే. కోడలు తిరుగుతుంది, ఆమెకు రెండు చుట్లు. చిన్నవాడు మాట వింటాడు, వాడికి ఇంకో చుట్టు. ఏళ్ల తరబడి అరిగి టక్కు టక్కుమంటున్న పెద్ద కీలు ఎక్కడో ఉంటుంది. దాన్ని విప్పాలంటే బండి లేపాలి, రోజు పాడవుతుంది, మార్పించాలంటే ఖర్చవుతుంది. మనం మళ్లీ తిరిగే మరనే వెతుక్కుంటాం. ఆఫీసుల్లోనూ అంతే. ఎవరూ కదిలించని కుర్చీ ఒకటుంటుంది, దాని కోసం మిగతా వాళ్ల పని వేళలు ఏటా మారుతుంటాయి.

అలాగని సర్దుబాటే తప్పని ముసలాయన అనలేదు. ఆయనా పట్టీ ఒక రంధ్రం బిగించాడు, ముందు కొసలను కావాలనే సమానం కాకుండా ఉంచాడు. (దీన్ని దాంపత్య సూత్రంగా వాడుకునేవాళ్లు వాడుకోవచ్చు, పూచీ నాది కాదు.) కానీ అవన్నీ స్కీ కొన పట్టి ఆడించాక, చప్పుడు ఆగాక.

కథలో వదిలేసిన ముక్క ఒకటుంది. సాయంత్రం కుర్రాడు లెక్క అడిగితే ముసలాయన కాగితం మీద బాల్ జాయింట్, బుష్‌లు, కార్బైడ్ కడ్డీలు, గ్రీజు రాసి గీత గీశాడు.

"మరి సర్దినదానికి?"

"అదంతా నువ్వే తిప్పావుగా," అని అరిగిన బాల్ జాయింట్ అతని చేతిలో పెట్టాడు.

కుర్రాడు దారంతా జేబులో చెయ్యి పెట్టుకుని దాన్ని ఆడిస్తూనే ఉన్నాడు.