కాపురానికి సాక్ష్యం



మన దేశం నుండి వెళ్ళి థాయిలాండులో ఉద్యోగం చేస్తున్న ఒక కతోలిక యువకుడు ఆ దేశపు అమ్మాయిని పెండ్లాడాడనుకుందాం. అమ్మాయి బౌద్ధురాలు. మేత్రాణులవారి అనుమతి పొంది, గురువు ఎదుట, ఇద్దరు సాక్షుల ముందు ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. శ్రీసభ దృష్టిలో వారు భార్యాభర్తలు. థాయి చట్టం ప్రకారం మాత్రం జిల్లా కార్యాలయంలో రిజిస్టరు అయితేనే అది పెండ్లి. అదీ చేయించుకున్నారు. ఇంతలో అతని ఉద్యోగం పోయింది. ఉద్యోగంతో పాటు అక్కడ ఉండే అనుమతీ పోతుంది. ఇక అతడు ఆ దేశంలో నిలవాలంటే థాయి స్త్రీకి భర్తనన్న ఆధారం మీద ఏడాది గడువు అడగాలి.

ఈ గడువు ఊరికే దొరకదు. రిజిస్టరు పత్రాలు చూపాలి. ఇద్దరూ ఇంట్లో కలిసి ఉన్న ఫోటోలు, ఇంటి నంబరు కనబడే ఫోటో, ఇంటికి దారి చూపే పటం ఇవ్వాలి. భార్య వెంట వచ్చి సంతకాలు చేయాలి. అధికారులు ఇంటికి వచ్చి చూడవచ్చు, ఇరుగుపొరుగును అడగవచ్చు. వీటన్నిటికీ మించి, అతని పేర థాయి బ్యాంకులో 4,00,000 బాత్‌లు దరఖాస్తుకు ముందు రెండు నెలలుగా నిలువ ఉండాలి, లేదా నెలకు 40,000 బాత్‌ల ఆదాయం చూపాలి. నాలుగు లక్షల బాత్‌లంటే మన రూపాయల్లో పది లక్షలకు పైమాటే. మరుసటి ఏడు మళ్ళీ ఇదే తంతు. థాయి పురుషుణ్ణి పెండ్లాడిన పరదేశి స్త్రీకి ఈ సొమ్ము నిబంధన లేదు. పోషించవలసినవాడు మగవాడే అన్నది చట్టం తలంపు కాబోలు.

ఉద్యోగం పోయినవాని వద్ద అంత సొమ్మెక్కడిది? ఇలాంటి చోట దళారి ప్రత్యక్షమవుతాడు. కంగారెందుకు, ఇంత రుసుము ఇస్తే ఖాతాలో సొమ్ము ఉన్నట్టు కాగితం పుట్టిస్తానంటాడు. అప్పుడు మన యువకుని మనసు తనకు తానే సమాధానం చెప్పుకుంటుంది: “నా పెండ్లి నిజం. నా ప్రేమ నిజం. అబద్ధమైనది ఒక్క కాగితమే కదా! దీనివల్ల ఎవరికి నష్టం?”

ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు. ఆ సొమ్ము లేకుంటే రేపు భార్య ఒక దేశంలో, భర్త మరొక దేశంలో ఉండవలసి రావచ్చు. సర్వేశ్వరుడు జతపరచినవారిని బ్యాంకు పుస్తకం వేరుచేయవచ్చునా? 1983లో పవిత్ర పీఠం ప్రకటించిన కుటుంబ హక్కుల పత్రం, వలస వెళ్ళిన కార్మికుని కుటుంబం వీలైనంత త్వరగా ఒక్కచోట చేరడం అతని హక్కని చెప్పింది. బీదవాని పెండ్లి ధనికుని పెండ్లికంటే ఏ మాత్రమూ తక్కువ పెండ్లి కాదు.

అయితే ప్రభుత్వానికి అడిగే హక్కు లేదా? ఉంది. వీసా కోసమే జరిగే దొంగ పెండ్లిళ్ళు ఉన్నాయి. వాటిలో మోసపోయే స్త్రీలూ ఉన్నారు. 1992 నాటి కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఈ విషయంలో రెండు వైపులా మాట్లాడుతుంది. కలిగిన దేశాలు పరదేశిని శక్తికొలది ఆదరించాలంటుంది. ప్రభుత్వం షరతులు పెట్టవచ్చుననీ, వచ్చినవాడు ఆ దేశ చట్టాన్ని మన్నించాలనీ అంటుంది.

ఇక ఆ కాగితం సంగతి. కాపురం నిలిచేది ఇచ్చిన మాట మీద. ఆ మాటను కాపాడుకోవడానికే అబద్ధం ఆడితే ఏమవుతుంది? భార్య కూడా పక్కన కూర్చుని సంతకం చేయాలి; అంటే ఆమెనూ అబద్ధంలో భాగస్వామిని చేశాడు. వచ్చే ఏడు మళ్ళీ చేయాలి. దళారికి ఇద్దరూ లోకువవుతారు. ఎవరు తలుపు తట్టినా గుండె ఝల్లుమంటుంది. ఒక్క కాగితమే అనుకున్నది మూడో మనిషిలా ఇంట్లో కాపురం పెడుతుంది.

మరి అన్నగారో, బావగారో సొమ్ము సర్దితే? అది వేరు. సొమ్ము నిజంగా ఖాతాలో ఉంది. ఆపద వస్తే ఈ కుటుంబానికి అండగా నిలిచే మనిషి నిజంగా ఉన్నాడు. తేడా తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ‘ఈ సొమ్ము ఎక్కడిది?’ అని అధికారి అడిగితే తల ఎత్తుకుని నిజం చెప్పగలనా? చెప్పగలిగితే అది సహాయం, చెప్పలేకపోతే అది మోసం.

పునీత జోజప్పగారిని తలచుకుందాం. జనాభా లెక్కలకు పేరు వ్రాయించుకోవాలని చక్రవర్తి ఆజ్ఞ. నిండు గర్భిణి అయిన మరియమ్మగారితో బేత్లెహేముకు ప్రయాణం కట్టడం ఏ భర్తకు ఇష్టం? అయినా వెళ్ళారు. ఆ తర్వాత అదే కుటుంబం ప్రాణభయంతో ఐగుప్తులో పరదేశులుగా తలదాచుకుంది. చట్టం బరువూ, పరాయి నేల బెంగా ఆ ఇంటికి తెలియనివి కావు.

ఇదంతా థాయిలాండు గొడవ, మనకెందుకంటారా? మన విచారణలలో పిల్లలను విదేశీ చదువులకు పంపేటప్పుడు బ్యాంకు నిలువ చూపడానికి ఏం చేస్తున్నామో మనకు తెలుసు. కొన్నాళ్ళకు అద్దెకు తెచ్చిన సొమ్ముతో పిల్లవాని మొదటి అడుగు వేయిస్తున్న ఇళ్ళు లేవా? వాడు ఆ రోజు నేర్చుకున్న పాఠాన్ని ఏ విశ్వవిద్యాలయం చెరిపివేయగలదు?

కాని ఇక్కడ మనమీదా ఒక అప్పు ఉంది. నిజమే చెప్పు అని బోధించి, ఆ నిజం వల్ల భార్యకు దూరమైనవానిని గాలికి వదిలేస్తే మన బోధ సగమే. అతనికి సర్దే అన్నగారు లేకపోతే ఆ అన్నగారు విచారణలోని మనమే కావాలి. ఏ దారీ లేక భార్యను తీసుకుని స్వదేశం వస్తే, ఆ పరదేశి కోడలిని మన వీధి ఎలా చూస్తుంది? మోవాబు దేశపు రూతును బేత్లెహేము చేర్చుకుంది. ఆమె వంశంలోనే దావీదు పుట్టాడు.

చివరిగా ఒక మాట. అక్కడ ఆ దంపతులను ప్రతి ఏడాదీ ఒక అధికారి అడుగుతాడు: మీరు ఇంకా కలిసే ఉన్నారా? సాక్ష్యం ఏది? మనల్ని ఎవరూ అడగరు. మన పెండ్లి ఫోటో గోడమీద భద్రంగా ఉంది. ఆ ఫోటో కింద ఒకే ఇంట్లో మాటలు లేకుండా రోజులు గడిపే దంపతులు ఎందరు! ఈసారి పెండ్లిరోజున దివ్యబలిపూజకు వెళ్ళేముందు భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుని ఆ ప్రశ్నే వేసుకుందాం. పొరుగింటివారిని అడిగితే మన కాపురం గురించి ఏమని సాక్ష్యం చెబుతారు? దానికి జవాబు ఏ దళారీ తెచ్చిపెట్టలేడు.